తలుగు

మా నాయిన దేవరకద్ర అంగట్ల ఎద్దును అమ్మినప్పుడు
తలుగు ఇప్పి భుజాన ఏసుకొని ఇంటికొచ్చెటోడు.
కొన్నోడు తన తాడు తానే తెచ్చుకోవాలె.
తాడు మారిందంటె ఎద్దు మారినట్టే.
తెల్లారి అది ఎవని చేన్ల పడి మేసినా
మా గడపకు ఎవ్వడూ రాలే.

నేను బండి అమ్మిన.
ఏపీ ఇరవై రెండు, నల్ల ప్యాషను,
సీటును ఎలుక కొరికిన చోట ఎర్ర టేపు.
మక్తల్ ఆశప్ప, టైల్సు పరిచే మేస్త్రి,
పద్దెన్మిది వేలకు బేరం తెంపి
పదారున్నర చేతుల పెట్టి
"మిగిలింది పేరు మార్పిచ్చుకునేనాడు అన్నా" అన్నడు.

వంద రూపాల స్టాంపు కాయితం మీద
మొగులయ్య సాక్షి సంతకం చేసిండు, పెన్ను నాదే.
ఇరవై తొమ్మిది, ముప్పై ఫారాల మీద
పెన్సిలు గీత ఉన్న కాడల్ల సంతకం గీకిచ్చిన.
తారీఖు కాడ ఖాళీ. కొన్నోని పేరు కాడ ఖాళీ.
రేపు పోదాం ఆఫీసుకు, అనుకున్నం.
ఛాయ తాగినం. పైసలు ఆయనే ఇచ్చిండు.

నేను కరెంటు మీటర్లు రాసేటోణ్ని.
ఇంటింటికి పోయి, కుక్కలను అదిలించుకుంట,
ఇరవై రెండేండ్లు ఒక్క అంకె తప్పకుండ రాసిన,
ఊరందరి లెక్క.

మొదటి చలానా వానకాలంల వచ్చింది.
ఫోటో తెరిస్తె జడ్చర్ల చౌరస్తా,
నెత్తికి హెల్మెట్ లేని ఆశప్ప, ముంగట సిమెంటు సంచి.
నూటా ముప్పై అయిదే గద, కట్టిన.
ఫోను చేస్తె "రేపే అన్నా".
రెండోదాంట్ల ఎనక ఒక ఆడమనిషి, కొంగు గాలికి.
ఓహో, పెండ్లయినట్టున్నది.
ఇంకో ఏడు, ఇంకో ఏడు...
ట్యాంకు మీద పిలగాడు,
బండి తానే నడుపుతున్నట్టు
రెండు చేతుల హ్యాండిలు పట్టుకొని.
కోపం రావాలె. రాలే.
మా ఆమెకు చూపిస్తె
"ఎవ్వరి లెక్క ఉన్నడో, తల్లి లెక్కనే" అన్నది.
టేపు ఎండకు పలిగింది, అద్దం ఒకటి పోయింది.
దూరపు చుట్టాల సంగతి తెలిసినట్టు
తెలుస్తుండె, పైసలు కట్టినప్పుడల్లా.

తర్వాత రెండేండ్లు ఏం రాలే.
ఆశప్ప నంబరు పలుకుతలేదు.

వచ్చింది, ఈసారి కోర్టు కాయితం.
భూత్పూర్ రోడ్డు, పొద్దుగూకే ఏళ,
సీతాఫలాల గంప దించుకుంటున్న సవారమ్మ.
నడిపినోడు ఎవడో నాకు తెల్వదు.
ఆశప్ప ఎవనికో అమ్మిండు, వాడు ఇంకెవనికో.
ఇన్సూరెన్సు నేను అమ్మిన ఏడే అయిపోయిందట.
ప్రతివాది నంబరు రెండు:
నా పేరు, ఇంటి నంబరు,
తండ్రి పేరు కాడ మా నాయిన,
తలుగు భుజాన ఏసుకొని వచ్చినాయిన.

ఖాజా మొహియుద్దీన్ వకీలు
స్టాంపు కాయితం ఎలుగుకు పట్టి చూసి
"అమ్మినట్టు నీకెరుక, కొన్నోనికెరుక.
సర్కారుకు ఎవరు జెప్పిండ్రు?" అన్నడు.
"బండి ఎన్ని గంటలకు అప్పజెప్పినవు?"
ఛాయ తాగినంక, అన్న.
ఆయన అది రాసుకోలే.

పెద్దాసుపత్రికి పోయిన, ఎవ్వరికి చెప్పకుండ.
కాలుకు కట్టు, మంచం చివర బరువు ఏలాడుతున్నది.
ఎర్ర యాపిల్లు తెచ్చినందుకు నవ్వింది సవారమ్మ,
పండ్లమ్ముకునేదానికి పండ్లా అని.
"బండి నీదేనా బిడ్డా?"
అమ్మిన అవ్వా అందామని నోరు తెరిచిన.
వకీలు నేర్పిన మాట ఒకటి, నా మాట ఒకటి,
రెండూ గొంతుల్నే కొట్లాడుకున్నయి.
ఆమె ఆగలే.
"గంపల అరవై కాయలుండె ఆ దినం.
పెద్దయి. కండ్లు ఇచ్చుకున్నయి.
ఒక్కటి మిగల్లే రోడ్డు మీద. రాస్కో."

జేబుల మీటరు బుక్కు ఉండె.
రాసిన.
కాయలు అరవై. గంప ఒకటి. కాలు ఒకటి.
కింద తారీఖు ఏసిన.
గోడ గడియారం దిక్కు చూసి
టైము గూడ ఏసిన.