అద్దం మార్చాలి

"అద్దం మార్చు. బొమ్మ జోలికి పోకు" అంటూ
ఏస్తేరమ్మ బల్ల మీద పెట్టింది,
పాత చీర ముక్కలో చుట్టిన మేరీ మాతని.

రాయపురం. మార్చి ఎండ.
చేపల రేవు నుంచి వచ్చే గాలి
నా దుకాణంలో దేవుళ్ళందర్నీ ఒకేలా తాకుతుంది.
వెంకన్నకీ, వేళాంగణ్ణి తల్లికీ,
పాస్‌పోర్టు ఫోటో నుంచి పెద్దది చేయించిన తాతలకీ
అడుక్కింతని ఇక్కడ ఒకటే రేటు.

ఏదో ఓడల కంపెనీ క్యాలెండరు. తేదీలు కత్తిరించేశారు.
ఇటలీలో ఎవరో చెక్క మీద వేసిందట, అయిదువందల ఏళ్ళ కిందట.
వెనక కిటికీలో మనవి కాని కొండలు, సన్నటి దారి.
ముందు గట్టు మీద దోసకాయలాంటిదేదో,
కూరకి తెచ్చి మర్చిపోయినట్టు.
పిల్లాడి మొహం మాత్రం
పుట్టగానే తాలూకాఫీసులో చేరినవాడిలా ఉంది.
గుప్పిట్లో దారం, దారం చివర పిట్ట.
మేమూ కట్టేవాళ్ళం తూనీగ తోకకి.
ఎగరనిచ్చేవాళ్ళం, దారం ఉన్నంత మేర.

ఎండకి ఎరుపు ముందు పోతుంది, పసుపు దాని వెనకే.
నలభై ఏళ్ళు కాన్పుల వార్డు కిటికీకి ఎదురుగా వేలాడి
తల్లి మొత్తం నీలమైపోయింది,
ముసుగు, చెంపలు, పాలిచ్చే చోటు.
"నొప్పులు పడేవాళ్ళకి చూడ్డానికేదో ఒకటి ఉండాలిగా"
అంది ఏస్తేరమ్మ, అక్కడ ఆయాగా చేసిన మనిషి.
"మూడ్రోజులు కాన్పు కాని పట్టపు పిల్ల ఒకతె
ఈమెనే పట్టుకుని బూతులు తిట్టింది.
ఈమేమీ అనుకోలేదు."
ఇప్పుడా వార్డు కూల్చేస్తున్నారు.

మేకులు పీకాను. చెద పొడి రాలింది. వెనక అట్ట.
అట్ట నిండా పెన్సిల్ గీతలు,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం, మళ్ళీ నాలుగు.
ఎన్ని కాన్పులు చేశావమ్మా అన్నాను.
బయట పోతున్న లారీని చూస్తూ
"అవి ఏడవనివి" అంది.

తడికి కాగితం అద్దానికి అతుక్కుపోయింది.
బ్లేడు వాల్చి, నాన్న నేర్పినట్టు ఊపిరి బిగబట్టి
మూల నుంచి లేపాను.
కొండలు వచ్చాయి. ముసుగు వచ్చింది. మోకాలు.
పిల్లాడు రావడం లేదు.
పిట్టతో సహా అద్దానికే ఉండిపోతున్నాడు,
ఆమె ఒడిలో తెల్లటి కాగితం నూగు.

ఆపేశాను.

ఆమె చూపు ఎప్పుడూ దించే ఉంది.
వాణ్ణి కాదు, వాడి పక్క చోటునెక్కడో చూస్తోంది.
వేసినవాడికి ఇంట్లో ఏం జరిగిందో.

మెల్లగా కాగితాన్ని మళ్ళీ అద్దం మీదికి వాల్చి
బొటనవేలితో ఒత్తాను.
మణికట్టు దగ్గర ఒక ముడత మిగిలింది.
"ఇది రాదమ్మా. పాతదాని మీదే కొత్త అద్దం వేస్తా."
కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూసింది.
"పిట్ట ఉందా?"
"ఉంది."
"అట్ట?"
"అదే బిగిస్తా."

రెండద్దాల బరువు. ఆటో దొరకలేదు.
నడుం మీదికి ఎత్తుకుని, ఓ పక్కకి ఒరిగి,
లారీల మధ్య రోడ్డు దాటింది.
ముప్పై రూపాయలు తక్కువిచ్చిందని
షట్టర్ దించేటప్పుడు గానీ చూసుకోలేదు.