ఆరు తెల్లసొనలు

పీపాకి ఆరు గుడ్లు.
ఇరవై రెండు పీపాలకి లెక్కగట్టి
పక్కూరి సోలాంజ్ దగ్గర నుంచి
గడ్డి పరిచిన బుట్టల్లో మోసుకొచ్చాను.
దారిలో రెండు పగిలాయి. ఫిర్మేన్‌కి చెప్పలేదు.

నేలమాళిగలో చలి
మార్చి నెలదీ కాదు, ఏ నెలదీ కాదు.
గోడల నిండా నల్లటి బూజు, ముట్టుకుంటే మఖమల్.
ఆయన చొక్కా చేతులు మడిచి
చిటికెడు ఉప్పేసి సొన గిలక్కొట్టాడు,
నురగ నిలబడకముందే ఆపేశాడు.
"కేకు చేయట్లేదు మనం."
ఎవరితో అన్నాడో.

నలభై ఏళ్లు ఆ గిన్నె పట్టింది ఒనొరీన్.
మిగిలిన పచ్చసొనతో సాయంత్రానికి
పనివాళ్లందరికీ తీపి వండేది.
ముందటేడు ద్రాక్షకోత నాలుగో రోజున పోయింది.
గెలలు ఆగవు కదా.
మధ్యాహ్నం మట్టి చేసి వచ్చి
నల్లకోటు విప్పి, ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి
పొంగుతున్న తొట్టిలోకి దిగాడు, తొక్కలు తొక్కడానికి.
ఆ ఏటి వైనే ఇది.
ఈసారి పచ్చసొన గిన్నె
మూడు రోజులు కిటికీలోనే ఉండిపోయింది.

సొన వగరుని పట్టుకుని అడుక్కి దిగుతుందట.
"కదపకు, తొందరపెట్టకు.
దానంతటదే తేరుకుంటుంది."

మే నెలలో, గిరోండ్ నది మీంచి పొడిగాలి వీచిన రోజు
కొవ్వొత్తి వెలిగించాం.
పీపా నుంచి పీపాకి సన్నటి ధార.
గ్లాసులో కాస్త పట్టి మంటకి అడ్డం పెట్టాలి.
ఎరుపులోంచి ఒత్తి కనపడుతున్నంతసేపూ పోనివ్వాలి,
మడ్డి మొదటి పోగు రాగానే కట్టెయ్యాలి.

ఆయన చూశాడు.
చొక్కా అంచుతో గ్లాసు తుడిచి మళ్లీ చూశాడు.
"పొర వచ్చేసింది, ఆపు."

రాలేదు.
ధార మచ్చలేకుండా ఉంది.
పొర ఆయన కళ్లలో.

కుళాయి మీద చెయ్యి అలాగే ఉంచి
"ఇంకొంచెం ఉంది" అన్నాను.
కోప్పడలేదు. కొవ్వొత్తి నావైపు జరిపి
బోర్లించిన గంప మీద కూర్చున్నాడు.
కళ్లు మూసుకుని
ధార చప్పుడు వింటున్నాడనుకుంటా.

మూడు పీపాలు నేనే చూశాను.
నాలుగోదాని దగ్గర, నేను నోరు తెరవకముందే
"ఇప్పుడు" అన్నాడు.
గ్లాసులో అప్పుడే, వెంట్రుకంత మసక.
గబుక్కున కట్టాను. వేడి మైనం మణికట్టు మీద పడింది.

వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.
"దీనికి
రెండు గుడ్లు తక్కువ పడ్డాయి కదూ."