నీటిపారుదల వారి కుర్చీ

తుఫాను షెల్టర్ మేడ మీద సమావేశం.
కళింగపట్నం గాలికి పటం నిలవలేదు.
మూలమూలకీ ఒక బరువు పెట్టాం:
మత్స్యశాఖ వారి నీళ్ళ సీసా,
అటవీశాఖ వారి తాళాల గుత్తి,
రేవు కంపెనీ కుర్రాడి హెల్మెట్,
నాలుగో మూలకి ఏమీ దొరక్క
నా చెయ్యి.

నేను కాంట్రాక్టు మీద మినిట్స్ రాసేదాన్ని.
ఎవరేమన్నారో రాయాలి.
ఎవరేమనలేదో రాయక్కర్లేదు.

పటంలో సముద్రం భలే రంగులుగా ఉంది.
పడవలకి ఆకుపచ్చ గళ్ళు,
తాబేళ్ళకి గులాబీ పట్టీ,
ఓడల దారికి ఎర్ర గీత.
ఎర్రది గులాబీని కోసిన చోట
ఇద్దరధికారులు మొహాలు చూసుకున్నారు,
ఒకే ముహూర్తానికి
ఒకే పందిరి మాట్లాడుకున్న రెండు పెళ్ళివారిలా.

వేటకి సెలవు ఏప్రిల్ పదిహేను నుంచి.
తాబేలు మాఘంలోనే వచ్చి
ఇసకలో గుడ్లు పెట్టి పోయింది.
"తేదీ పైనుంచి వచ్చిందండీ" అన్నారు మత్స్యశాఖ వారు.
"తాబేలు కిందనుంచి వచ్చిందండీ" అన్నారు అటవీశాఖ వారు.
ఎవరూ నవ్వలేదు.
రాశాను. తర్వాత కొట్టేశాను.

సూరాడ కూర్మయ్య పటం మీదకి వంగాడు.
కళ్ళజోడు లేదు, వేలితో చదువుతాడు.
"రాళ్ళేవి బాబూ ఇందల?"
ఏ రాళ్ళు?
"లైట్‌హౌసు ఎనకాల శాలిహుండం కొండ దాగిపోద్ది సూడండి,
ఆ గీత మీదే ఎల్లాల, పద్దెనిమిది బారల లోతు.
ఆడ కోనాం తిరుగుద్ది.
మా తాతకి ఆల మావ సెప్పేడు, మా తాత నాకు సెప్పేడు.
మీరు ఆడే లంగరు దింపుతామంటన్నారు."
హెల్మెట్ కుర్రాడు మంచివాడే, పెన్సిలిచ్చాడు.
కూర్మయ్య దాన్ని తెడ్డులా పట్టుకున్నాడు.
ఎర్ర గీత పక్కన ఒక చుక్క పడింది,
నా వేళ్ళకి బెత్తెడు దూరంలో.

"మాఘం నుంచీ ఆ గులాబీ కాడ రేత్రి వల ఆపేస్తాం,
ఏసంగిలో అన్ని రోజులు తగ్గిస్తారా?"
నా చేతిలో లేదు, అన్నారు.
ఎవరి చేతిలో ఉందని అడిగాడు.
అందరూ తిరగని ఫ్యాను వైపు చూశారు.

అయిదో కుర్చీ ఖాళీ.
ముందు చీటీ: నీటిపారుదల శాఖ.
మనం ఉత్తరం రాశాం, వాళ్ళూ రాశారు:
'సముద్రము మా పరిధిలోనిది కాదు.'

ఎండుచేపల తట్ట దించి
గనగళ్ళ పోలమ్మ ఆ కుర్చీలో కూర్చుంది.
మోకాళ్ళ నొప్పి, అంతే.
లేవమనడానికి ఎవరికీ నోరు రాలేదు.

"గొట్టా కాడ తలుపులేసేస్తే
ఏటి మూతి పూడిపోద్ది" అంది, ఎవరూ అడక్కుండానే.
"ఎర్రనీరు దిగితేనే రొయ్యపిల్లకి వాసన తెలుస్తాది.
ఆ వాసన పట్టుకునే ఏట్లోకొస్తాది.
వాసన నేకపోతే
దానికి ఇల్లెక్కడో ఎలాగెరిక?"
తర్వాత తట్ట మీద గుడ్డ తీసింది.
"ఈ నెత్తళ్ళు ఏ ఆఫీసువో సెప్పండి,
ఆడికే ఎల్లి ఏడుస్తాను."

నీళ్ళు ఎన్నాళ్ళు వదలాలమ్మా అని
మత్స్యశాఖ ఆయనే అడిగాడు, డైరీ తెరిచి.
ఆవిడ వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టింది.
అటవీశాఖ ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.
తాళాలు తీసేసరికి పటం ఒక మూల లేచింది,
ఆయనే మోచేత్తో అదిమిపట్టాడు.

సాయంత్రం పటం చుట్టేశాక చూసుకున్నాను,
అరచేతిలో పెన్సిలు మసి.
చుక్క ఎక్కడైనా చెరిగిందేమోనని
మళ్ళీ విప్పించాను. ఉంది.

హాజరైనవారి జాబితా టైపు చేస్తూ
నీటిపారుదల శాఖ తరఫున: గనగళ్ళ పోలమ్మ,
అని కొట్టాను.
నాలుగు సంతకాలతో తిరిగొచ్చింది.
ఎవరూ చదవలేదో, చదివీ వదిలేశారో.
ఒక ప్రతి ఆవిడకీ ఇచ్చాను.

వచ్చే సంతలో
ఆ కాగితంలోనే
పావుకిలో నెత్తళ్ళు కట్టి ఇచ్చింది నాకు.