దుమ్ము సెలవు

పొద్దున లేచేసరికి కిటికీ పసుపు రంగులో ఉంది.
ఎదురు మేడ లేదు, మసీదు మినారు లేదు.
ఫర్వానియా మొత్తాన్నీ ఎవరో జల్లెడ పట్టి
మా అద్దం మీద పోసినట్టుంది.
బడికి సెలవని ఒక మెసేజి.
గాలి తగ్గేదాకా క్రేన్లు కదపొద్దని
ఓబులేసు ఫోనుకి ఇంకొకటి.

మూడేళ్ళలో మొదటిసారి
పనిరోజున ఉప్మా వేడిగా తిన్నాడు మా ఆయన.
తిని, ఇంకేం చెయ్యాలో తెలీక
చెయ్యి రెండుసార్లు కడుక్కున్నాడు.

తలుపు కింద తడిగుడ్డ కుక్కాను.
కిటికీ సందులకు టేపేశాం.
అయినా వస్తూనే ఉంది దుమ్ము
పిలవని పేరంటానికి వచ్చినట్టు,
చక్కెర డబ్బాలోకీ, నా పళ్ళ మధ్యకీ.

పదిన్నరకి నెట్టు పోయింది.
పదకొండుకి పిల్లలు ఒకే దిండు కోసం కొట్టుకున్నారు.
అప్పుడు తీశాను గుడ్ల అట్ట.

రెండు వరసలు కోస్తే పన్నెండు గుంటలు.
వామనగుంటలకి పద్నాలుగు కావాలి.
నీళ్ళ సీసాల అడుగులు రెండు కోసి
అటొకటి ఇటొకటి అతికించాడు ఓబులేసు,
ఇరవై టన్నులెత్తే చేత్తో,
నాలుక కొంచెం బయటపెట్టి.

రాజంపేటలో అయితే చింతగింజలు.
ఇక్కడ ఖర్జూరం గింజలు, డబ్బాలో దాచినవి,
ఎందుకు దాచానో నాకే తెలీదు.
లెక్కపెడితే నలభై ఏడు.
"డెబ్బైకి ఇంకా ఇరవై మూడు పండ్లు తినాలి"
అన్నాడు మోక్షిత్, లెక్కల పరీక్షలో
ఏనాడూ చూపించని వేగంతో.
తిన్నాం.
నాకు షుగరుందని ఎవరూ గుర్తు చెయ్యలేదు.
నేనూ చెయ్యలేదు.

ఆట సగంలో లాస్య అడిగింది:
"నాన్నా, పైన నీకు ఎవరి మాటా వినపడదు కదా,
మరి ఎట్లా తెలుస్తాది?"
ఆయన లేచి గది మధ్యలో నిలబడ్డాడు.
బొటనవేలు పైకంటే ఎత్తు.
అరచెయ్యి చాపితే ఆగు.
పిడికిలి బిగిస్తే అట్లాగే ఉండు, ఊపిరి కూడా కదలకుండా.

ఇక క్రేను మొదలు.
మోక్షిత్ చేతులు చెప్తాయి,
ఓబులేసు భుజాలు వింటాయి.
లాస్య సరుకు.
మంచం మీంచి సోఫా మీదికి, సోఫా మీంచి ఫ్రిజ్ దాకా,
పైకప్పు ఫ్యానుకి జానెడు కింద
నవ్వు తొణక్కుండా తిరిగింది నా కూతురు.
తర్వాత బియ్యం మూట. తర్వాత నేను.
వద్దు వద్దంటూనే చెప్పులు విడిచాను.
దించేటప్పుడు దబ్బుమన్నాం ఇద్దరం.

తలుపు చప్పుడు.
కింది ఇంటి ఉమ్మ్ కరీం,
నడుం మీద చెయ్యి, కళ్ళలో దుమ్ము.
ఆమె అరబీ గబగబా తిట్టింది,
నా అరబీ సగంసగం క్షమించమంది.
"తఫద్దలి" అన్నాను, ఇంకేం అనాలో తెలీక.
లోపలికి తొంగి చూసింది.
గుడ్ల అట్ట చూసింది.
కోపం ఎక్కడ పెట్టిందో మరి, చెప్పులతోపాటు
గుమ్మం దగ్గరే వదిలేసినట్టుంది.
"మన్కలా!" అంది.
వాళ్ళ ఈజిప్టు పల్లెలో
నేలమీద గుంటలు తవ్వి గులకరాళ్ళతో ఆడేవాళ్ళట.

ఆమె లెక్క వేరు, మా లెక్క వేరు.
ఎవరి గింజలు ఎవరు మింగారో
రెండు భాషల్లో పోట్లాడుకున్నాం.
మూడాటలూ ఆమే గెలిచింది.
గెలిచిన గింజలు కొంగులో పోసుకోబోయి
కొంగు లేదని గుర్తొచ్చి
నా కొంగులో పోసింది.

మూడో రాత్రి గాలి పడింది.
తెల్లారి నాలుగింటికి బస్సు హారన్.
చల్లారిన ఉప్మా డబ్బాలో పెట్టిచ్చాను.
మెట్లు దిగుతూ ఆయన వెనక్కి తిరగలేదు,
తల పక్కన బొటనవేలు మాత్రం పైకెత్తాడు.

దుమ్ము తుడవడానికి రెండు రోజులు పట్టింది.
అట్ట పారేద్దామని తీసి, ఫ్రిజ్ మీద పెట్టాను.
ఆదివారం సాయంత్రం ఉమ్మ్ కరీం వచ్చింది,
చేతిలో గుడ్డ సంచి, సంచి నిండా గులకరాళ్ళు.
"ఇవాళ దుమ్ము లేదు కదా" అన్నాను.
"అయితే?" అంది.