వెనక మూత

పులియంతోపులో మా వీధి టీవీలన్నిటినీ
నేను వెనకనుంచే ఎరుగుదును.
ముందువైపు ఎవరు చేతులు జోడిస్తున్నారో నాకు పట్టదు.
నాలుగు మరలు విప్పి మూత తీస్తే
వేలెడు దుమ్ము, బల్లిగుడ్లు,
కాలిన సోల్డరు వాసన.
ఏ పార్టీ వాడి ఇంట్లోనైనా అంతే.

ఆ ఏడు ఓట్లకు ముందు మాటిచ్చి
ఓట్ల తర్వాత ఇంటికొకటి పంచారు.
ఓబులమ్మత్త
పెట్టెకు మూల చాలక
చీపురును వాకిట్లోకి నెట్టింది.
ముప్పై ఏళ్లు కార్పొరేషన్ రోడ్లు ఊడ్చిన మనిషికి
కూర్చుని చూడమని ఎవరైనా ఇచ్చిన మొదటి వస్తువు అది.

అరవం మాట్లాడుతుంది గానీ చదవలేదు.
అయినా నంబరు మారితే జెండా మారుతుందని
వారంలోనే పసిగట్టింది.
ఒక ఛానెల్లో చెరువులు నిండాయి.
పక్క ఛానెల్లో అదే వానకు
వ్యాసర్పాడి మునిగింది.
మేము మోకాలి లోతు నీళ్లలో నిలబడి
మేడ మీది వాళ్ల కిటికీలోంచి
మా మీద పడిన వాన ఏదో చూసుకున్నాం.

ఒకప్పుడు మైదానంలో
మైకును కొరికేసేలా అరిచేవాళ్లు నాయకులు.
పెట్టె వచ్చాక గొంతు తగ్గించారు.
పక్కన చాపమీద కూర్చున్నట్టు,
నీ కంచంలో ఏముందో తెలిసినట్టు
మెల్లగా మాట్లాడడం నేర్చారు.
మా కౌన్సిలరు ముందుపళ్లు కట్టించుకున్నాడు.
అరుపుకైతే ఎదురు అరవొచ్చు.
ఆ మెత్తదనానికి ఏం బదులు చెబుతాం?

ఆడి మాసంలో
మ్యాన్‌హోల్‌లోకి దిగిన పెంచలయ్య
తాడు పట్టుకుని ఎక్కలేదు.
తాడే పైకొచ్చింది.

మూడో వారం, చెంగమ్మను చర్చకు పిలిచారు.
కారు పంపారు.
బొట్టు తీసిన మొహానికి పౌడరు అద్దారు.
తెరమీద నాలుగు గళ్లలో నలుగురు పెద్దమనుషులు,
అయిదో గడిలో మా చెంగమ్మ.
కెమెరా వైపు చూడకుండా పక్కకి చూస్తోంది,
అక్కడెక్కడో తన బొమ్మే కనిపిస్తోందేమో.
వీధిలో కుక్క కూడా మొరగలేదు.

నలుగురూ ఒకరినొకరు తొక్కుకుంటూ మాట్లాడాక
వంతు వచ్చింది.
మా తెలుగూ వాళ్ల అరవమూ కలిపి అంది:
"ఆయన దిగనన్నాడు.
దిగమన్నవాడి పేరు నాకు తెలుసు.
చెబుతాను, ఆ పేరు..."

సబ్బు వచ్చింది.

తెల్లటి నురుగు. జలపాతం. నవ్వే పిల్ల.
వీధి వీధంతా నోళ్లు తెరుచుకుని
ఆ సబ్బు వంకే చూస్తూ కూర్చున్నాం.
తిరిగి వచ్చేసరికి
తెరమీద నాలుగే గళ్లు.

తెల్లారి కౌన్సిలరు వచ్చాడు.
పదేళ్లుగా "ఏయ్" అని పిలిచినవాడు
"చెంగమ్మక్కా" అన్నాడు.
టీ తాగాడు. నిన్న బాగా మాట్లాడావన్నాడు.
పేరు మాత్రం అడగలేదు.

ఆ తర్వాతి ఎన్నికలకు ఆమె నామినేషన్ వేసింది.
మిగిలిన గుర్తుల్లో
గొడుగుంది, కుట్టుమిషనుంది.
వేలు పెట్టి టీవీని చూపించింది.
గోడమీద నేనే గీశాను,
వెనకవైపు తప్ప ఎరగని చేత్తో
మొదటిసారి ముందువైపు.
"తెరలో ఏం వెయ్యనొదినా?"
"ఏమీ వద్దు. ఖాళీగా ఉంచు.
పేరు పట్టాలి గదా."

నూటఅరవైమూడు ఓట్లు. డిపాజిట్టు పోయింది.
అందులో ఒకటి నాది, ఒకటి అత్తది.
మిగతావి ఎవరివో ఇప్పటికీ
బజార్లో మొహాలు చూసి లెక్కపెడుతుంటాను.

ఇప్పటి పలక సెట్లకు మరలుండవు.
అతికించేస్తారు. పాడైతే పారెయ్యమంటారు.
నాకు పని తగ్గింది.

మొన్న ఎవరో ఆ గోడమీది ఖాళీలో
బొగ్గుతో ఏదో రాశారు.
తెల్లారేలోపల ఇంకెవరో నీళ్లు కొట్టారు.
రెండక్షరాలు మిగిలాయి.
అత్తకు చదవడం రాదు.
అయినా రాత్రి వార్తల మధ్య ప్రకటనలు రాగానే లేచి
మోకాళ్లు పట్టుకుంటూ గోడదాకా వెళ్లి
కాసేపు నిలబడి
తిరిగొస్తుంది,
సబ్బు అయిపోయేలోపల.