డెబ్బై ఎనిమిది సెంటీమీటర్లు

జెనోవా పాత పట్నంలో సందులకి
ఒళ్లు విరుచుకునే చోటు లేదు.
ఎదురుపడ్డ ఇద్దరిలో ఒకరు
పెద్దరికం చూసుకుని గోడకి అతుక్కోవాలి.

మా బండి వెడల్పు డెబ్బై ఎనిమిది.
శనగపిండి రొట్టెల కొట్టు దగ్గర సందు ఎనభై నాలుగు.
అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు,
మధ్యలో నా ఊపిరి.

రబ్బరు పట్టాల మీద పాకుతుంది.
నేలమాళిగలో మూతి ఆనించి
పారతో ఎత్తుకుని, తన తొట్టిలో తనే ఒంపుకుంటుంది.
వడ్డించుకునేదీ అదే, మోసేదీ అదే.
తట్ట ఎత్తిపెట్టమని ఎవర్నీ అడగదు.

బచీచాకి నచ్చనిదల్లా అదే.
"ఎత్తేవాడు లేకుండా బరువేమిటి?" అంటాడు.
ముప్ఫై ఏళ్లు ఈ మెట్ల మీద
ఇసుక, సున్నం, పగిలిన పైకప్పు పలకలు
కుడి భుజాన మోశాడు.
అతని కోటు ఇప్పటికీ ఆ పక్కకే జారుతుంది.

ఇప్పుడతని పని బండి ముందు వెనక్కి నడవడం.
అరచెయ్యి ఎత్తితే ఆగాలి,
చూపుడువేలు వంచితే రావాలి.
జీతం నాకంటే తక్కువ. ఆ సంగతి మేమిద్దరం ఎత్తం.

చెయ్యి లేచింది. ఇంజను ఆపాను.
మూడో అంతస్తు నుంచి ఎర్మీనియా గారి బుట్ట
తాడు మీద ఊగుతూ వచ్చి
తొట్టిలో ఇటుక ముక్కల మీద కూర్చుంది.
"ఉల్లిపాయలు!" అని పైనుంచి కేక.
బచీచా కొట్లోంచి తెచ్చి, బుట్టలో పెట్టి,
చిల్లర లెక్కచూసి,
అరచేత్తో అడుగు ఆసరా ఇచ్చి
తలకంటే పైకి సాగనంపాడు.
అంత సేపూ డీజిలు కంపులో ఉల్లి వాసన.

మలుపులో మళ్లీ ఆపాడు.
"పార దించు. అక్కడ గోడకి పొట్టుంది."
పొద్దున టేపు పెట్టి చూశాను, లేదన్నాను.
"నువ్వు మోకాలి దగ్గర పెట్టావు.
అది ఛాతీ ఎత్తులో ఉంటుంది."

దిగి, తడిమి చూశాను.
చుట్టూ గరుకు, అక్కడొక్కటే నునుపు.
నావీ, మా నాన్నవీ భుజాలు, అన్నాడు,
రోజుకి నలభై సార్లు.

పార దించాను. ముక్కు వంచుకుని
గోరంత సందుతో దాటింది బండి.
గోడని గీకలేదు.

రేవు దగ్గర లారీలో కుమ్మరించి
నోటు పుస్తకంలో ఒక గీత గీశాడు.
ఇంకా ముప్ఫై ఆరు దఫాలున్నాయి,
వానొచ్చేలా ఉంది.