వెనకద్దం

సొహార్‌ల పొద్దుగాల నాలుగున్నర.
క్యాంపు గేటు ముంగట తెల్ల బస్సు.
దాని వెనకద్దం మీద పేరుకున్న దుమ్ముల
డ్రైవర్ ఓదేలు చూపుడువేలితోని
దినానికి ఒక మాట రాస్తడు.

పొద్దూకి మళ్లా బస్సెక్కేలోపు
దాని మీద నాలుగు పాదాలు కట్టాలె.
ఐదైతే వినడు.
"సామాను ఎక్కువైంది, దించు" అంటడు.

మొదటి మాట ఉప్పు.
మస్తానయ్య సిమెంటు సంచి కాగితం చింపి రాసిండు:

    విప్పిన చొక్కా మేకుకు తగిలిస్తే
    వీపు మీద తెల్లంగా ఒక దేశపటం
    ఊర్లు లేవు దాంట్లో
    సరిహద్దులే ఉండాయి

చెప్పు అన్ననాడు ఎల్లేశం
సీట్లకెళ్లి లేవకుండనే చదివిండు:

    తలుపు కాడ పదారు జతలు
    రాత్రంతా మూతికి మూతి ఆనించుకొని
    ఒక్కటి చెప్పదు
    ఎవలి కాలు ఎక్కడ మండిందో

వాన అన్ననాడు ఎవలూ ఏమీ రాయలే.
ఓదేలు కోపం చెయ్యలే.
"రానప్పుడు రాదు" అన్నడు.
వైపర్లు ఊరికే ఒకసారి తిప్పిండు.

నా బాకీ ఒకటున్నది: చాలు.
నాగలి గీసే చాలా, ఇగ చాలనే చాలా
అడిగితే చెప్పలే.
స్కాఫోల్డింగు మీద బెల్టుకు వేలాడుకుంట
రెండు పాదాలు కట్టిన:

    బొటనవేలి ముద్రల ఇన్ని చాళ్లు
    ఏ పంటకు దున్నిండ్రో

అక్కడ్నే ఆగింది.

ఆగస్టుల ఓదేలు వీసా అయిపోయింది.
ఆఖరి పొద్దుగాల ఉక్కకు అద్దం చెమటపట్టి
రాసింది రాసినట్టే కారిపోయింది.
ఏం రాసిండో
మాల మూడు వాదాలున్నయ్.

కొత్త డ్రైవర్ గుల్ జమాన్, పెషావర్ దిక్కు మనిషి.
వారం దినాలు అద్దం మీద ఉత్త దుమ్మే.
ఎక్కేముందు మేం అటు పోయి
చూసి వచ్చుడు అతను చూసిండు.

ఎనిమిదో నాడు
ఒక సున్న, సున్న నడుమ చుక్క.
మా అక్షరాలు గుండ్రంగుంటయని
ఎన్నడో ఓదేలు బస్సు పక్కన తన బస్సు ఆపినప్పుడు
యాదిల పెట్టుకున్నడట.

ఠ.

ఎల్లేశం కడుపు పట్టుకొని నవ్విండు.
మస్తానయ్య నవ్వలే.
"మాట ఇచ్చినాడు గదప్పా, రాయండి" అన్నాడు.

ఆ సాయంత్రం బస్సుల తొమ్మిది పద్యాలు.
బావిల పడ్డ బొక్కెన అని ఒకడు,
రొట్టె మీద మాడిన మచ్చ అని ఇంకొకడు.
అద్దంలకెళ్లి చూసుకుంట గుల్ జమాన్,
ఒక్క ముక్క తెలువకున్నా
ఫలజ్ రౌండబౌట్ కాడ మళ్లాల్సిన దారి ఇడిచి
ఇంకో చుట్టు తిప్పిండు.

నేను పాత బాకీ మీదనే ఉన్న.
ఆ తిరుగుడుల మూడో పాదం దొరికింది:

    సున్న చుట్టు తిరిగేదీ చాలే

నాలుగోది నోటిదాకా వచ్చింది గానీ
వెనక హారన్లు.